పోర్చుగీసు టేబుల్ వైన్లు స్నేహితులతో ఇంట్లో రుచి చూడాలంటే: నాలుగు సీసాలు చాలు, తిండి ముందు పెట్టండి

మీరు అడిగింది ఇదీ: లిస్బన్ వచ్చి ఆరు నెలలైంది, ఒక శనివారం సాయంత్రం ఆరుగురిని ఇంటికి పిలుస్తున్నారు. ముగ్గురు మనవాళ్ళు, ముగ్గురు ఆఫీసులో పరిచయమైన పోర్చుగీసువాళ్ళు. తియ్యటి పోర్ట్ వైన్ కాకుండా, ఇక్కడి ఇళ్ళలో భోజనంతో తాగే మామూలు వైన్లు అందరూ కలిసి రుచి చూడాలి. ఖర్చు 50 యూరోలు దాటకూడదు. ఎన్ని సీసాలు కొనాలి, ఏ వరసలో పోయాలి, మన వంట దానికి నప్పుతుందా? పైగా వైన్ గురించి ఏమీ తెలియకుండా వాళ్ళ వైన్ వాళ్ళకే పోస్తున్నానని టెన్షన్‌గా ఉందని రాశారు.

నా జవాబు: నాలుగు సీసాలు కొనండి. రెండు తెలుపు, రెండు ఎరుపు, ఒక్కోటి 10 యూరోలలోపు. మొదటి గ్లాసు పోసేటప్పటికే బల్ల మీద తిండి ఉండాలి. మొదటి విడతలో ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లే పోయండి, మిగిలింది భోజనానికి ఉంచండి. ఇలా ఎందుకంటున్నానో కింద రాస్తున్నాను.

నేను పోర్తోలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. అందులో ఎనిమిదేళ్ళు ఒక రెస్టారెంటులో పనిచేశాను. చివరి ఐదేళ్ళూ వైన్ కొనడం, పోయడం నా పనే. ఇప్పుడు ఉద్యోగం వేరు, కానీ నెలకో శనివారం మా ఇంట్లో ఏడెనిమిది మందిమి కూర్చుంటాం. వచ్చేవాళ్ళలో సగం మంది ఇక్కడివాళ్ళే. కాబట్టి మీ సాయంత్రం ఎలా ఉండబోతుందో నాకు బాగానే తెలుసు.

మొదటిసారి పిలిచినప్పుడు తొమ్మిది సీసాలు తెచ్చాను. ఎన్ని రకాలుంటే అంత నేర్చుకుంటాం అనుకున్నాను. చేతిలో చిన్న కాగితాలు, నిలబడి రుచి చూడటం, తిండి మాత్రం చివరికి. ఐదో సీసా దగ్గరికి వచ్చేసరికి ఏది ఏదో ఎవరికీ గుర్తులేదు. ఖాళీ కడుపుల మీద ఎర్ర వైన్ వగరు పట్టేసి అందరి నోళ్ళూ ఎండిపోయాయి. ఆ రోజు వచ్చిన ఒక పెద్దావిడ, బైరాద ప్రాంతం మనిషి, వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "బాబూ, ఇది పరీక్షకు చేసిన వైన్ కాదు, బల్లకు చేసింది" అంది. పోర్చుగీసులో దీని పాత పేరే అది, వీన్యు ద్ మేజ, అంటే బల్ల దగ్గరి వైన్. మన ఊళ్ళలో కల్లు ముంతతో పాటు చేపల వేపుడో గుగ్గిళ్ళో పెడతారు కదా, ఇదీ అంతే. ఇక్కడి ఎర్ర వైన్లు చాలావాటిలో పులుపూ వగరూ కొంచెం ఎక్కువ. ఒట్టిగా తాగితే అది తప్పులా అనిపిస్తుంది, నూనె, ఉప్పు, మాంసం తగిలాక అదే రుచవుతుంది.

ఇక లెక్క. సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటాయి. మీతో కలిపి ఏడుగురికి 50 చొప్పున పోస్తే 350 అవుతుంది, ఇంకా 400 మిగులుతుంది. అంటే మొదటి విడతలో నాలుగు వైన్లూ రుచి చూశాక కూడా ప్రతి సీసాలో సగానికి పైగా ఉంటుంది. భోజనం దగ్గర ఎవరికి నచ్చింది వాళ్ళు మళ్ళీ పోసుకుంటారు. ఆ రెండో గ్లాసు దగ్గరే అసలు రుచి తెలుస్తుంది. మొదట నచ్చని వైన్‌ను రెండోసారి అడిగి పోయించుకున్నవాళ్ళను చాలాసార్లు చూశాను.

ఏ సీసాలు అన్నదానికి వస్తే, మీరు లిస్బన్‌లో ఉన్నారు కాబట్టి నేనైతే ఈ నాలుగు కొంటాను. పేర్లు ఇక్కడ పలికే తీరుకు దగ్గరగా రాస్తున్నాను, షాపులో నోటితో అడగడానికి పనికొస్తుంది.

మొదటిది వీన్యు వెర్ద్, లోరైరు అనే ద్రాక్ష రకంది. వెర్ద్ అంటే ఆకుపచ్చ, కానీ వైన్ ఆ రంగులో ఉండదు. ఉత్తరాన మీన్యు ప్రాంతంలో, వానలు బాగా పడే చోట పండే ద్రాక్షతో చేస్తారు. 1908లోనే దానికి సరిహద్దులు గీశారు. పల్చగా, పుల్లగా, ఆల్కహాల్ తక్కువగా ఉంటుంది, కొన్నిటిలో నాలుక మీద సన్నగా చిటపటలాడుతుంది కూడా. సీసా మీద ఈమధ్య సంవత్సరం ఉన్నదే తీసుకోండి, ఇది దాచుకునే వైన్ కాదు. లోరైరు అంటే లారెల్ చెట్టు. ఇక్కడివాళ్ళు కూరల్లో వేసే ఆకు దానిదే. మన బిర్యానీ ఆకు వేరే చెట్టుది గానీ పని ఒకటే, అందుకని మనవాళ్ళకు ఈ పేరు ఇట్టే గుర్తుంటుంది. డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే స్పెయిన్ సరిహద్దులోని మొన్సావ్, మెల్గాసు ఊళ్ళలో అల్వరీన్యు ద్రాక్షతో చేసింది తీసుకోవచ్చు. అది ఇంకా చిక్కగా ఉంటుంది.

రెండోది అలెంతేజు తెలుపు, అంతావ్ వాజ్ ద్రాక్షది. దక్షిణాన ఎండలు మండే మైదానం అది. మొదటి గ్లాసు వెంటనే ఇది పోస్తే ఒకే దేశంలో వానకూ ఎండకూ ఉన్న తేడా నోట్లోనే తెలుస్తుంది. వేరే పాఠం చెప్పనక్కర్లేదు. నా మనసుకు ఎక్కువ నచ్చే తెలుపు మాత్రం దావ్ ప్రాంతంలో ఎంక్రుజాదు అనే ద్రాక్షతో చేసేది. మంచిది దొరికితే కొన్నేళ్ళు ఉంచినా చెడదు, కానీ ధర కొంచెం ఎక్కువ.

మూడోది సెతూబల్ వైపు ఎరుపు, కష్తెలావ్ ద్రాక్షది. మీ ఊరి నుంచి తేజు నది దాటితే ఆ తోటలే. ఈ ద్రాక్షకు పెరికీత అనే ఇంకో పేరుంది, చిన్న చిలుక అని అర్థం. ఆ పేరుతో జొజే మరీయ ద ఫొన్సేక కంపెనీ 1850 నుంచి వైన్ అమ్ముతోంది. ఆ వైన్ ఎంత పేరు తెచ్చుకుందంటే జనం ద్రాక్షనే ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. మీ పోర్చుగీసు స్నేహితుల తాతల ఇళ్ళలో ఈ సీసా ఉండే ఉంటుంది, అడిగి చూడండి. మాటలు వాటంతట అవే మొదలవుతాయి.

నాలుగోది దోరు లోయ ఎరుపు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1756లో అప్పటి రాజు మంత్రి పొంబాల్ మార్కీస్ ఈ లోయకు హద్దులు పెట్టించింది పోర్ట్ వైన్ కోసం. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు మంచి ద్రాక్షంతా పోర్ట్‌కే పోయింది. అక్కడి కొండవాలుల మీద పలకరాతి నేలలో, మెట్లుమెట్లుగా కట్టిన తోటల్లో పండిన ద్రాక్షతో గొప్ప టేబుల్ వైన్ కూడా చేయవచ్చని వైన్ తయారుచేసే ఫెర్నాందు నికొలావ్ ద్ అల్మైద 1952లో బార్క వేల్య అనే వైన్‌తో చూపించాడు. ఆ వైన్ చేసేవాళ్ళకు నచ్చిన సంవత్సరాల్లో మాత్రమే వస్తుంది, ధర మనం అనుకునే స్థాయిలో ఉండదు. కానీ ఆ దారిలో వచ్చిన మామూలు దోరు ఎరుపులు 7, 8 యూరోలకే చక్కటివి దొరుకుతాయి. తురీగ నసియొనాల్, తురీగ ఫ్రాంక, తింత రొరీజ్, ఈ మూడు ద్రాక్షల పేర్లు వెనక లేబుల్ మీద కనిపిస్తే నిశ్చింతగా కొనండి. నల్లగా, చిక్కగా ఉంటుంది కాబట్టి చివరికే పోయాలి.

ఈ నాలుగూ సుమారు 30 యూరోలలో వచ్చేస్తాయి. మిగిలింది చీజుకూ బ్రెడ్‌కూ పెట్టండి. ఇంత తక్కువకు ఇంత మంచి వైన్ ఇక్కడ ఎందుకు దొరుకుతుందంటే, నా అభిప్రాయంలో పేర్ల వల్లే. ఈ దేశంలోనే పుట్టిన ద్రాక్ష రకాలు 250కి పైగా ఉన్నాయి. బయటివాళ్ళకు పలకడం రాదు, గుర్తుండదు, అందుకని వెతుక్కుని కొనరు. అదీగాక ఒకే ద్రాక్షకు ఊరికో పేరు. దోరులో తింత రొరీజ్ అన్నదాన్నే అలెంతేజులో అరగొనేజ్ అంటారు, స్పెయిన్‌లో తెంప్రనీల్యో అంటారు. ఒకసారి మా ఇంట్లో దోరు, అలెంతేజు పేర్లున్న సీసాలు రెండు తెచ్చి కాగితాలు చుట్టి పోశాను. అలెంతేజులో పుట్టి పెరిగిన స్నేహితుడు దోరు గ్లాసు పట్టుకుని ఇది మా ఊరిదే అన్నాడు. కాగితం తీశాక చాలాసేపు గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రి తన తాత తోట గురించి అతను చెప్పినంత అంతకుముందు ఆరేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. మీరు కూడా సీసాలకు కాగితం చుట్టండి. లేబుల్, ధర కనిపించకపోతే తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ ఒకే బల్ల మీదికి వస్తారు. మీ టెన్షన్‌కు ఇదే మందు. మీ పోర్చుగీసు స్నేహితుల్లో కూడా చాలామంది తమ ప్రాంతపు వైనే తాగుతూ పెరిగి ఉంటారు. మిగతా ప్రాంతాలు వాళ్ళకూ కొత్తే.

ఇక మన వంట. మన దేశానికి మిరపకాయ తెచ్చినవాళ్ళు పోర్చుగీసు నావికులే అయినా వాళ్ళ వైన్‌కు మన కారం పడదు. కారం మీద ఆల్కహాల్ ఎక్కువున్న ఎర్ర వైన్ పడితే మంట ఇంకా పెరుగుతుంది, వగరు మరీ గట్టిగా తెలుస్తుంది. ఇది నేను అనుభవంతో చెప్తున్నాను. బైరాదలో బాగ అనే ఎర్ర ద్రాక్ష ఉంది. బాగ అంటే చిన్న పండు అని అర్థం. వగరుకు పెట్టింది పేరు. ఒక సంక్రాంతికి నాటుకోడి పులుసు చేసి, ఇది బలమైన కూర కాబట్టి బలమైన వైన్ కావాలని కొత్త బాగ సీసా తెరిచాను. ఒక్కరు కూడా రెండో గుక్క తాగలేకపోయారు. పాపం వైన్‌దీ తప్పు కాదు, కోడిదీ తప్పు కాదు. తర్వాత ఇందాక చెప్పిన పెద్దావిడ ఇంట్లో, పదేళ్ళు దాటిన బాగను వాళ్ళ ఊరి కాల్చిన పందిపిల్ల మాంసంతో పెట్టారు. ఆ కొవ్వుకు ఆ వగరు ఎంత అవసరమో అప్పుడు అర్థమైంది. ఆ జతను నేను ఇంకా మర్చిపోలేదు.

చింతపండుది ఇంకో సమస్య. తిండిలో పులుపు వైన్‌లో పులుపు కంటే ఎక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. గోంగూరకూ ఇదే వర్తిస్తుంది. అందుకని పులుసు పెట్టాలనుకుంటే పుల్లటి వీన్యు వెర్ద్ తప్ప ఇంకేదీ దాని ముందు నిలవదు. ఆవకాయ మాత్రం రుచి చూడటం అంతా అయ్యాకే బయటికి తీయండి, అది తగిలిన నాలుకకు ఓ గంటసేపు ఏదీ తెలియదు.

మీకు నేను చెప్పే వంట ఇది. మొదటి విడతకు బ్రెడ్, ఆలివ్‌లు, ఏదైనా గొర్రెపాల చీజు, మాంసం తినేవాళ్ళుంటే షోరీసు అనే పంది మాంసపు సాసేజ్ ముక్కలు. తెల్ల వైన్లతో చేపల వేపుడు, కారం సగానికి తగ్గించి మిరియాలు, వెల్లుల్లి పెంచండి. ఎండబెట్టిన కాడ్ చేపతో ఇక్కడ పకోడీల్లా వేసే పతనీష్కష్ కూడా బయట దొరుకుతాయి, అవీ బాగుంటాయి. కష్తెలావ్‌తో కోడి పలావు. దోరుతో మిరియాల మటన్ వేపుడు. శాకాహారులు ఉంటే గుత్తివంకాయ, వేరుశనగా నువ్వులూ ఎక్కువ వేసి, చింతపండు నామమాత్రంగా. కొత్తిమీర వేయడానికి మొహమాటపడకండి. అలెంతేజులో బ్రెడ్, వెల్లుల్లి, కొత్తిమీర, ఆలివ్ నూనెతో అసోర్ద అనే వంట చేస్తారు, ఆ వాసన వాళ్ళకు ఇంటి వాసన. వైన్, వెల్లుల్లితో మాంసం ఊరబెట్టే వాళ్ళ పద్ధతికి వీన్య దాల్యుష్ అని పేరు, గోవాకు వెళ్ళి విందాలూ అయింది అదే.

కారం తగ్గించడం ఇష్టం లేకపోతే ఒక మార్గం ఉంది. మతేవుష్ రోజే అని బల్లపరుపు సీసాలో వచ్చే లేత గులాబీ వైన్, 1942 నుంచి ఉంది. కొంచెం తీపి, కొంచెం బుడగలు, ఆల్కహాల్ తక్కువ. వైన్ బాగా తెలిసినవాళ్ళు కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు. నేను చూడను. మన కూరల పక్కన అది నిలబడినట్టు ఖరీదైన ఎరుపులు చాలా నిలబడవు.

చల్లదనం విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఎర్ర వైన్ గది వేడిమిలో ఉండాలని అంటారు గానీ, ఆ మాట చల్లటి రాతి ఇళ్ళ కాలంలోది. లిస్బన్ వేసవిలో మీ గది 28 డిగ్రీలు ఉంటే వైన్‌లోంచి స్పిరిట్ వాసన తప్ప ఇంకేమీ రాదు. ఒక ఆగస్టులో మేడ మీద ఇలాగే 14.5 శాతం ఆల్కహాల్ ఉన్న ఎరుపు పోసి సాయంత్రమంతా పాడుచేసుకున్నాం. ఎర్ర సీసాలను పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, 16 డిగ్రీలు దగ్గర ఉంటే చాలు. వీన్యు వెర్ద్ 8 నుంచి 10 డిగ్రీలు. అలెంతేజు తెలుపును మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట ఉంచి పోయండి, మరీ చల్లగా ఉంటే దాని వాసన తెలియదు.

గ్లాసులు మనిషికి ఒకటి చాలు, అన్నీ ఒకే రకం అయితే మంచిది. తెలుపు నుంచి ఎరుపుకు మారేటప్పుడు నీళ్ళతో తొలుచుకుంటే సరిపోతుంది. బల్ల మీద తెల్ల గుడ్డ పరచండి, రంగు చూడటానికి. ఇక్కడ బల్ల మీద పరిచే గుడ్డను తువాల్య అంటారు. మన తువ్వాలు వచ్చింది ఆ మాటలోంచే. ఇది చెప్తే మీ స్నేహితులు సంతోషిస్తారు.

మాట్లాడటం గురించి ఒక్క సలహా. పుస్తకాల్లో ఉండే బ్లాక్ కరెంట్, వయొలెట్ లాంటి పేర్లు అరువు తెచ్చుకోకండి. మీ ముక్కుకు ఏది తోస్తే అది చెప్పండి. మా బల్ల దగ్గర అందరికంటే సూక్ష్మమైన ముక్కు, అసలు తాగని ఒక చెల్లెలిది. గుంటూరు అమ్మాయి, వాసన మాత్రమే చూస్తుంది. దోరు ఎరుపు గ్లాసు దగ్గర పెట్టుకుని "నేరేడుపళ్ళు తిన్నాక చేతులకు ఉండే వాసన" అంది. ఒక పాత దావ్ ఎరుపుకు "వాన పడ్డ తాటాకు పందిరి" అంది. మా పోర్చుగీసు స్నేహితులు నేరేడుపళ్ళు చూడలేదు, ఫోటో చూపించాం. ఆ రోజు నుంచి ఆ సీసాను వాళ్ళు కూడా నేరేడు అనే పిలుస్తున్నారు. మీ ఇంట్లో కూడా తాగనివాళ్ళు ఉంటే వాళ్ళకూ ఒక గ్లాసు పెట్టండి, వాసనకు. పక్కన కూర్చోబెట్టి వదిలేయకండి.

సీసా తెరవగానే ముందు మీ గ్లాసులో చుక్క పోసుకుని వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల చెడిన సీసా. అది మీ తప్పు కాదు, ఎవరికైనా తగులుతుంది. ప్రపంచంలో వాడే బిరడా బెరడులో సగం దాకా ఈ దేశంలోనే తీస్తారు, అయినా అప్పుడప్పుడు తప్పదు. ఆ బెరడు ఇచ్చే ఓక్ చెట్టును మొదటిసారి ఒలవడానికి పాతికేళ్ళు పడుతుంది, తర్వాత తొమ్మిదేళ్ళకోసారి. అలెంతేజు వెళ్ళినప్పుడు చెట్ల మొదళ్ళ మీద ఒక అంకె రాసి ఉంటుంది చూడండి, అది ఒలిచిన సంవత్సరం చివరి అంకె. అనుమానానికి ఐదో సీసా ఒకటి ఇంట్లో ఉంచుకోండి. బిల్లు పారేయకండి. నేను చెడిన సీసాలు వెనక్కి తీసుకెళ్ళినప్పుడు మార్చి ఇచ్చారు.

నవంబరులో అయితే ఇంకో పని చేయవచ్చు. అలెంతేజులో విదిగైర దగ్గర విల ద్ ఫ్రాద్ష్ అనే ఊళ్ళో ఇంకా మట్టి కాగుల్లో వైన్ చేస్తున్నారు. మనిషంత ఎత్తు కాగులు, లోపల పైన్ చెట్టు జిగురు పూస్తారు. ద్రాక్ష తొక్కలతో సహా అందులో పులుస్తుంది. తొక్కలు మెల్లగా అడుక్కు దిగాక అవే వడగట్టే గుడ్డలా పనిచేస్తాయి. నవంబరు 11న, సావ్ మర్తీన్యు పండుగ రోజు, కాగు అడుగున ఉన్న చిల్లికి కొయ్య కుళాయి కొట్టి తీస్తారు. కాల్చిన చెస్ట్‌నట్ పళ్ళు తింటూ అక్కడే తాగడం. ఊరగాయ జాడీలు చూస్తూ పెరిగిన మనకు ఆ కొట్టంలో అడుగుపెడితే కొత్త అనిపించదు. మీ ముగ్గురు స్నేహితులను అడగండి, ఎవరో ఒకరికి ఆ వైపు చుట్టాలు ఉండే ఉంటారు.

వచ్చేవాళ్ళకు ముందే చెప్పండి: కారు తేవద్దు. ఇక్కడ లీటరు రక్తానికి 0.5 గ్రాములు పరిమితి, లైసెన్స్ వచ్చి మూడేళ్ళు కాకపోతే 0.2 మాత్రమే. నాలుగు సీసాలు ఏడుగురు పూర్తిగా తాగితే తలకు 430 మిల్లీలీటర్ల దాకా అవుతుంది, నెమ్మదిగా తాగినా అది తక్కువేం కాదు. మెట్రో అయినా టాక్సీ అయినా ముందే అనుకోమనండి. నీళ్ళ జగ్గు బల్ల మధ్యలో ఉంచండి, వద్దన్నవాళ్ళకు రెండోసారి పోయకండి.

మిగిలితే బిరడా మళ్ళీ బిగించి, ఎరుపైనా తెలుపైనా ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. ఎర్ర వైన్ తాగే ముందు కాసేపు బయట పెట్టుకోవాలి. ఏ సీసాలు కొన్నారో, ఏది ముందు ఖాళీ అయిందో ఇక్కడే రాయండి. చేపల వేపుడుతో అంతావ్ వాజ్ ఎలా ఉందో మాత్రం తప్పకుండా చెప్పండి, మా ఇంట్లో ఆ జత మీద ఇంకా ఏకాభిప్రాయం రాలేదు.